పిల్లి తీరు మారిందా? ఇంట్లో ఏం చూడాలి, ఎన్ని గంటలు ఆగవచ్చు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

"మా పిల్లి రెండు రోజుల నుంచి ఏదోలా ఉంది, ఏం చేయమంటారు?" నెల్లూరులో మా వీధివాళ్ళు, ఒంగోలులో చుట్టాలు, వాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. ఆ 'ఏదోలా' వెనక ఒక్కోసారి ఏమీ ఉండదు. ఒక్కోసారి అప్పటికే సగం సమయం చేజారిపోయి ఉంటుంది.

నేను డాక్టరును కాను. చాలా ఏళ్ళుగా పిల్లులను పెంచుతున్నాను, వాటిని బుట్టలో పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. జబ్బు పేరు తేల్చాల్సింది డాక్టరే. సమయానికి బయల్దేరడం మన పని. ఇక్కడ రాసిందంతా దానికోసమే.

మీది గండుపిల్లి అయి, మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా చుక్క కూడా రాకపోతే మిగతాది తర్వాత చదవండి. నేరుగా 4వ భాగం చూసి బయల్దేరండి.

## 1. జబ్బు రాకముందే దాని మామూలు రోజును రాసి పెట్టుకోండి

పిల్లి తన నొప్పిని బయటపెట్టదు. ఒంట్లో బాగాలేకపోతే మంచం కిందికో, అటక మీదికో పోయి మౌనంగా పడుకుంటుంది. అందుకే మనం పట్టుకోవాల్సింది మార్పును. మార్పు తెలియాలంటే మామూలు ఏమిటో ముందు తెలిసి ఉండాలి.

మా ఇంట్లో పెంటిపిల్లి రోజంతా బీరువా మీదే ఉంటుంది. అది దాని తీరు. గండుపిల్లి మాత్రం వంటగది గడప వదలదు. అది ఒకరోజు బీరువా మీదికెక్కి దిగకపోతే నేను వెంటనే దాని వెంట పడతాను. చేసిన పని ఒకటే, కానీ ఒక పిల్లికి అది అలవాటు, ఇంకోదానికి జబ్బు గుర్తు.

ఒక వారం పాటు ఇవి గమనించి ఫోన్‌లోనో క్యాలెండర్ వెనకో రాసుకోండి:

- రోజుకు ఎన్నిసార్లు తింటుంది, ఎంత తింటుంది
- నీళ్ళ గిన్నె రోజుకు ఎంత ఖాళీ అవుతుంది
- ఇసుక ట్రేలో మూత్రానికి తడిసి కట్టిన ఇసుక ముద్దలు ఎన్ని (పెద్ద పిల్లికి రోజుకు 2 నుంచి 4 మామూలు)
- మలం రోజుకు ఎన్నిసార్లు, గట్టిగా ఉందా
- ఎక్కడ పడుకుంటుంది, ఎంత ఎత్తుకు దూకుతుంది
- గాఢనిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుంది
- బరువు

బరువు చూడటం సులువే. పిల్లిని ఎత్తుకుని డిజిటల్ మెషిన్ మీద నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తేడా చూడండి. నెలకోసారి చాలు. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే దాని ఒంట్లో పదో వంతు పోయినట్టు. 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గితే ఎంత కంగారు పడతామో అంత విషయం అది. బొచ్చు ఎక్కువ ఉన్న పర్షియన్ పిల్లుల్లో ఈ తగ్గుదల కంటికి కనిపించనే కనిపించదు.

బయట తిరిగే పిల్లి అయితే మూత్రం లెక్క దొరకదు. రాత్రిళ్ళు ఇంట్లో ఉంచి ఒక ట్రేలో ఇసుక పోసి పెట్టండి. ఇళ్ళు కట్టే ఇసుకైనా సరే, జల్లించి ఎండబెడితే చాలు. సగం సమాచారమైనా మీ చేతిలో ఉంటుంది.

## 2. వింతగా ఉన్నా భయపడనక్కర్లేనివి

కొత్తగా పెంచేవాళ్ళు ఎక్కువ టెన్షన్ పడేది వీటి గురించే.

రాత్రంతా అరుస్తూ నేల మీద పొర్లడం, వెనక భాగం పైకెత్తడం. ఆపరేషన్ చేయించని పెంటిపిల్లి ఎదకొచ్చింది. 4 నుంచి 6 నెలల వయసులోనే రావచ్చు. చూలు కట్టకపోతే రెండు మూడు వారాల్లో మళ్ళీ వస్తుంది. ఆ అరుపు విని కడుపునొప్పి అనుకుని మందు వేయకండి. తేడా ఎలా తెలుస్తుందంటే, ఎదలో ఉన్న పిల్లి మన కాళ్ళకు రాసుకుంటుంది, నడుము నిమిరితే తోక పక్కకు తిప్పుతుంది. నొప్పితో ఉన్నది ముట్టుకోనివ్వదు. అయితే ఎద అయిన కొన్ని వారాలకు నీరసం, తిండి మానడం, నీళ్ళు ఎక్కువ తాగడం, కింది నుంచి చీము రావడం కనిపిస్తే గర్భాశయంలో చీము పట్టిందేమోనని ఆరోజే చూపించాలి.

గోడ మీద, తలుపు మీద మూత్రం చిమ్మడం. నిలబడి, తోక నిటారుగా ఎత్తి ఆడిస్తూ చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టుకోవడం. వీధిలోకి కొత్త పిల్లి వచ్చినప్పుడు మొదలవుతుంది. కూర్చుని కొద్దికొద్దిగా పోస్తుంటే మాత్రం అది వేరే విషయం, 4వ భాగంలోకి వస్తుంది.

తెల్లవారుజామున ఇల్లంతా పరుగులు, కిటికీలోంచి పిట్టను చూసి పళ్ళు టకటకలాడించడం, దుప్పటిని ముందుకాళ్ళతో పిసకడం, చచ్చిన బల్లిని తెచ్చి మన ముందు పడేయడం. అన్నీ పిల్లితనమే. రోజుకు 12 నుంచి 16 గంటలు పడుకోవడం కూడా మామూలే.

దీపావళి రాత్రి మంచం కింద దూరి రాకపోవడం. ఒక రాత్రి వదిలేయండి. నీళ్ళు, ట్రే దగ్గరగా జరపండి. చెయ్యి పెట్టి లాగవద్దు. మర్నాడు సాయంత్రానికి కూడా తినక, మూత్రం పోయక ఉంటే మాత్రం భయం ఒక్కటే కారణం అనుకుని ఊరుకోకండి.

## 3. అయిదు నిమిషాల పరీక్ష

అనుమానం వస్తే ఈ వరుసలోనే చూడండి. దూరంగా చూసేవి ముందు, ముట్టుకునేవి తర్వాత. ముందే పట్టుకుంటే భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది, మీ లెక్క తప్పుతుంది.

మొదట ముఖం. నొప్పి ఉన్న పిల్లి చెవులు పక్కలకు వాలి దూరంగా జరుగుతాయి. కళ్ళు సగం మూసి బిగపడతాయి. మూతి బిగుసుకుంటుంది. మీసాలు నిటారుగా సాగుతాయి. తల భుజాల కంటే కిందికి దిగుతుంది. ఇందులో రెండు మూడు ఒకేసారి కనిపిస్తే నొప్పి ఉన్నట్టే అనుకోండి. గుర్రుగుర్రు మంటోంది కాబట్టి బాగానే ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నొప్పిలో ఉన్న పిల్లి, చావుబతుకుల్లో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటాయి.

తర్వాత ఊపిరి. పడుకుని ఉన్నప్పుడు పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. కదలకుండా ఉన్నప్పుడు కూడా 40 దాటితే వెంటనే బయల్దేరండి. కుక్క నోరు తెరిచి వగర్చడం మామూలు. పిల్లి అలా చేయడం మామూలు కాదు. పిల్లికూన గెంతి గెంతి ఒక్క నిమిషం వగర్చి ఆగిపోతే సరే. ఆగకపోతే, ఊరికే కూర్చుని వగరుస్తుంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

చిగుళ్ళు. పెదవి కొంచెం పైకెత్తండి. గులాబీ రంగు ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోవడం, పసుపు, నీలం, గోధుమ రంగు, ఇందులో ఏదైనా సరే ఆసుపత్రికే. కొన్ని పిల్లులకు చిగుళ్ళ మీద పుట్టుకతోనే నల్ల మచ్చలు ఉంటాయి, వాటిని ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి.

ఒంట్లో నీరు. మెడ వెనక చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడిపోతే నీరు తగ్గింది. ముసలి పిల్లుల్లో చర్మం వదులై ఉంటుంది, అందుకని చిగుళ్ళు జిగటగా ఉన్నాయేమో కూడా చూడండి.

జ్వరం. ముక్కు తడి, పొడి చూసి చెప్పడం కుదరదు. ముక్కు రోజులో పదిసార్లు మారుతుంది. మెత్తటి కొన ఉన్న డిజిటల్ థర్మామీటరుకు వేజలిన్ రాసి మలద్వారంలో ఒక సెంటీమీటరు మేర పెట్టి చూడాలి. మామూలు వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకు 101 ఉంటే జ్వరం, పిల్లికి అది మామూలు. పెనుగులాడితే ఈ ఒక్కటి వదిలేయండి, డాక్టరు చూస్తారు.

## 4. మూత్రం: గంటలు లెక్కపెట్టాల్సిన చోటు

ఈ మొత్తం రాతలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

గండుపిల్లికి మూత్రం వచ్చే దారి చాలా సన్నం. సన్నటి ఇసుకలాంటి రాళ్ళో, జిగురు పదార్థమో అడ్డుపడితే మూసుకుపోతుంది. మూత్రసంచి నిండి బిగుసుకుంటుంది, విషాలు రక్తంలోకి ఎక్కుతాయి, పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. పూర్తిగా మూసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. మూడు నాలుగేళ్ళ వయసున్న, బాగా తిని కూర్చునే గండుపిల్లికీ వస్తుంది. ఆపరేషన్ చేయించినదానికీ వస్తుంది.

గుర్తులు ఇలా ఉంటాయి:

- ట్రేలోకి పదే పదే వెళ్ళడం, చాలాసేపు కూర్చోవడం, ఏమీ రాకపోవడం
- ముక్కుతూ అరవడం
- కింది భాగాన్ని ఆపకుండా నాకడం
- బాత్రూం గచ్చు మీద, బట్టల కుప్ప మీద, సింకులో చుక్కలు, రక్తపు చారలు
- పొట్ట కింద గట్టి నిమ్మకాయలాగా తగలడం, ముడితే అరవడం
- తర్వాత దశలో వాంతులు, నీరసం, ఒళ్ళు చల్లబడటం

దీన్ని అందరూ మలబద్ధకం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒక మే నెలలో మా గండుపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే, ఎండకు మలం గట్టిపడిందని, తెలిసినాయన చెప్పిన మాట విని ఆముదం పట్టించాను. రాత్రికి అది అరవడం ఆపేసింది. తగ్గిందనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి వాంతి చేసుకుని గచ్చు మీద పడి ఉంది. ఆ పూట డాక్టరు మత్తు ఇచ్చి, సన్నటి గొట్టం పెట్టి మూత్రం తీశారు. ఎర్రగా, చిక్కగా వచ్చింది. బతికింది. అరుపు ఆగిన ఆ రాత్రి అది తగ్గడం కాదని, ఓపిక అయిపోవడమని నాకు ఆయనే చెప్పారు.

కాబట్టి వరుస ఇది:

1. ట్రే శుభ్రం చేసి కొత్త ఇసుక పోయండి. పిల్లిని, ట్రేను ఒక గదిలో ఉంచండి. రెండు మూడు గంటల్లో ముద్ద పడిందా చూడండి. గండుపిల్లి ముక్కుతున్నా చుక్క రాకపోతే, ఇప్పటికే అరుస్తుంటే, వాంతి చేసుకుంటే ఈ మెట్టు వద్దు, బయల్దేరండి.
2. గండుపిల్లి పదే పదే కూర్చుంటూ చుక్క రాకపోతే అర్ధరాత్రైనా ఫోన్ చేయండి.
3. పొట్ట నొక్కి మూత్రం తెప్పించాలని చూడకండి. సంచి పగలవచ్చు.
4. నీళ్ళు బలవంతంగా పట్టించకండి. బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, ఆముదం, ఏదీ అడ్డును తీయదు.
5. పెంటిపిల్లికి పూర్తిగా మూసుకుపోవడం అరుదు. అయినా రక్తం, చుక్కచుక్కగా రావడం ఉంటే ఆరోజే చూపించండి.

పరీక్షల్లో రాయి, చీము ఏదీ దొరక్కపోవడం కూడా జరుగుతుంది. ఒత్తిడి వల్ల మూత్రసంచి వాస్తుంది. ఇంట్లో సున్నాలు వేయడం, కొత్త పిల్లిని తేవడం, ఊరెళ్ళి తలుపులు వేసి ఉంచడం దానికి చాలు. ఎన్ని పిల్లులుంటే అన్ని ట్రేలు, పైన ఇంకొకటి పెట్టండి. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. పొడి తిండి తగ్గించి తడి తిండి పెంచండి. మా ఇంట్లో ఆ మే నెల తర్వాత చేసిన మార్పుల్లో ఈ తడి తిండే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ట్రే బయట మూత్రం పోసిందని కొట్టడం, దాని మూతిని అందులో రాయడం చేయకండి. అది మీకు చెప్పగలిగిన ఒక్క మాట అదే.

ముసలి పిల్లి (పదేళ్ళు దాటినది) ఎక్కువ నీళ్ళు తాగి, పెద్ద పెద్ద ముద్దలు పోస్తుంటే కిడ్నీలు, షుగరు చూపించాలి. బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ కూడా. ఇవి గంటల్లో ముంచుకొచ్చేవి కావు, వారంలోపు రక్తపరీక్ష చేయిస్తే చాలు.

## 5. తిండి, వాంతి, దారం

మనం ఒక పూట ఉపవాసం ఉన్నట్టు పిల్లి ఉండలేదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, అది కొత్త జబ్బవుతుంది. లావుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం ఎక్కువ. పెద్ద పిల్లి 24 గంటలు, కూన 12 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించండి.

వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో జలుబు చేసి ముక్కు మూసుకుపోయి తిండి మానేస్తాయి. వాసన తెలియకపోతే పిల్లి తినదు. ఉడికించిన చేపను గోరువెచ్చగా చేసి పెట్టి చూడండి. ముక్కు, కళ్ళ పుసిని తడిగుడ్డతో తుడవండి. అయినా తినకపోతే పైన చెప్పిన గంటల లెక్కే వర్తిస్తుంది.

చేపల ఊళ్ళం కాబట్టి ఒక మాట. పులుసులోంచి తీసిన ముక్క పిల్లికి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. పులుసు పెట్టకముందే దాని వాటా తీసి, ఉప్పు కారం లేకుండా ఉడికించి, ముళ్ళు ఏరి పెట్టండి. రోజూ పచ్చి చేపలే పెట్టడమూ మంచిది కాదు. కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. నెలల తరబడి పచ్చివి తిన్న పిల్లి తల ఛాతీ మీదికి వాలిపోయి తూలుతుంటే డాక్టరుకు ఈ తిండి సంగతి తప్పకుండా చెప్పండి. మూతిని కాలితో గోక్కుంటూ, చొంగ కారుస్తూ ఉంటే ముల్లు గుచ్చుకుందేమో చూడండి.

వాంతి: నెలకు ఒకటి రెండుసార్లు బొచ్చు ఉండ కక్కి, వెంటనే తిండికి వస్తే పరవాలేదు. ఒకే రోజు మూడు నాలుగుసార్లు, లేదా నీళ్ళు కూడా నిలవకపోతే ఆరోజే వెళ్ళాలి. టీకాలు వేయించని కూనకు వాంతులు, విరోచనాలు, నీరసం కలిసి వస్తే సాయంత్రం దాకా కూడా ఆగవద్దు. పిల్లుల పార్వో లాంటి వైరస్ కూనను ఒక్క రోజులో తీసుకుపోగలదు. ఎనిమిది వారాలకు మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకు మిగతావి వేయిస్తే ఈ బాధ ఉండదు.

దారం గురించి మన ఇళ్ళలో ఎవరూ ఆలోచించరు. మల్లెపూల మాల విప్పాక మిగిలిన దారం, సంక్రాంతి గాలిపటం మాంజా, కుట్టు మిషన్ దగ్గర పడ్డ దారం, వీటిని పిల్లి ఆడుతూ ఆడుతూ మింగేస్తుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటుంది, మిగతాది పేగుల్లోకి పోతుంది. నోట్లోంచో, మలద్వారంలోంచో దారం వేలాడుతుంటే లాగకండి. పేగు కోసుకుపోతుంది. బయటికున్నది అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

## 6. ఇంట్లోని విషాలు

ముందుగా పారాసెటమాల్. డోలో, క్రోసిన్, ఏ పేరైనా సరే, ఒక్క మాత్ర పెద్ద పిల్లి ప్రాణం తీయగలదు. "జ్వరంగా ఉందని సగం వేశాం" అని నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. ముఖం, కాళ్ళు వాచడం, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరగడం, ఊపిరి అందకపోవడం దాని గుర్తులు. త్వరగా తీసుకెళ్తే విరుగుడు ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ వద్దు.

మిగతావి:

- కుక్కల పేలకు, గోమార్లకు వేసే చుక్కల మందు. అందులో పర్మెత్రిన్ ఉంటే పిల్లికి వణుకు, మూర్ఛ వస్తాయి. పొరపాటున వేస్తే గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చటి నీళ్ళతో ఆ చోటు కడిగి వెంటనే బయల్దేరండి.
- ఫినాయిల్. తడి గచ్చు మీద నడిచి కాళ్ళు నాక్కుంటుంది. నేల ఆరేదాకా గది మూసి ఉంచండి.
- కలరా ఉండలు, కర్పూరం. బీరువాలో పడుకునే పిల్లి ఉంటే బట్టల్లో వేయవద్దు.
- ఎలుకల మందు. చాలా రకాల్లో ఆరోజు ఏమీ కాదు. రెండు నుంచి అయిదు రోజులకు ముక్కులోంచి, మలంలోంచి రక్తం వస్తుంది. తిన్నదని తెలిసిన రోజే వెళ్ళండి, ప్యాకెట్టు తీసుకెళ్ళండి.
- పొలం మందులు. మిరప, పొగాకు, పత్తి వేసే ఊళ్ళలో స్ప్రేయర్ కడిగిన నీళ్ళు, మందు డబ్బాల మూతలు ప్రమాదం. విపరీతంగా చొంగ, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం కనిపిస్తే నిమిషాలే లెక్క.
- లిల్లీ పూలు. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీల పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. మన దండల్లో వాడే లిల్లీ (నేలసంపెంగ) మొక్క వేరే జాతి.

ఉప్పునీళ్ళు పట్టించి కక్కించడం, పాలు పోయడం, గుడ్డు తాగించడం ఏదీ చేయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం తెచ్చిపెట్టినట్టే.

వానాకాలం రాత్రి పెరట్లోకి పోయి వచ్చిన పిల్లి ఉన్నట్టుండి తూలుతూ, కంటిపాపలు పెద్దవై, గొంతు మారి, చొంగ కారుస్తుంటే పాము కాటు అనుకుని నడవండి. కాటు చోటు వెతకడంలో సమయం పోగొట్టకండి.

## 7. రోహిణీ కార్తె రోజులు

మే నెలలో మన జిల్లాల్లో 42, 43 డిగ్రీలు కొత్త కాదు. మేడ మీది గది, రేకుల షెడ్డు, ఆపి ఉంచిన కారు, ఈ మూడింట్లో పిల్లి చిక్కుకుంటే వడదెబ్బే. చదును ముఖం ఉన్న పర్షియన్లు ముందు పడిపోతాయి.

వగర్చడం, చొంగ, చిగుళ్ళు బాగా ఎర్రబడటం, తూలడం కనిపిస్తే నీడకు తెచ్చి, మామూలు కుళాయి నీళ్ళతో ఒళ్ళు తడిపి ఫ్యాను కింద ఉంచండి. ఐసు పెట్టకండి, రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి పోదు. తెలివిగా ఉంటే నీళ్ళు ముందు పెట్టండి, నోట్లో పోయకండి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాలి, లోపలి దెబ్బ తర్వాత బయటపడుతుంది.

## 8. ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే

సాధువుగా ఉండే పిల్లి ఎత్తుకోగానే కరిస్తే ముందు నొప్పిని అనుమానించండి. పళ్ళు, నడుము, కీళ్ళు, పోట్లాటలో పడి చర్మం కింద చీము పట్టిన గాయం. కిటికీలోంచి వేరే పిల్లిని చూసి రెచ్చిపోయి, పక్కనున్న మనిషి మీద పడటమూ ఉంటుంది. అప్పుడు గదిలో ఒంటరిగా వదిలితే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది.

టీకా లేని, బయట తిరిగే పిల్లి తీరు పూర్తిగా మారి, కారణం లేకుండా మీదపడుతూ, చొంగ కారుస్తూ, మింగలేక, కాళ్ళు ఈడుస్తూ ఉంటే రేబిస్ అనుమానించాలి. పట్టుకోకండి. గదిలో పెట్టి తలుపు వేసి డాక్టరుకు చెప్పండి.

మనిషిని కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, పెంపుడుదైనా సరే, గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, కాఫీపొడి పెట్టకండి. ఆరోజే ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. మొదటి డోసుతో ఆపకుండా అన్నీ పూర్తిచేయండి.

## 9. గోడకు అంటించుకునే లెక్క

ఇప్పుడే, ఏ వేళైనా:
- గండుపిల్లికి మూత్రం రాకపోవడం
- నోరు తెరిచి ఊపిరి, చిగుళ్ళు నీలంగానో తెల్లగానో మారడం
- మూర్ఛ, పడిపోవడం, మేడ మీంచి పడటం, వాహనం తగలడం
- వెనక కాళ్ళు ఉన్నట్టుండి పడిపోయి, చల్లబడి, అరుస్తుండటం (గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ కావచ్చు)
- విషం తిన్నదని తెలియడం
- ఈనే పిల్లి అరగంట పాటు గట్టిగా ముక్కినా కూన రాకపోవడం

ఈరోజే:
- 24 గంటలు తిండి లేకపోవడం
- వరుస వాంతులు, రక్త విరోచనాలు
- ఒక కన్ను మూసే ఉంచడం
- 104 దాటిన జ్వరం
- రెండో రోజూ దాక్కునే ఉండటం

ఈ వారంలో:
- బరువు తగ్గడం, నీళ్ళు ఎక్కువ తాగడం
- ఒకే చోట నాకి నాకి బొచ్చు ఊడగొట్టుకోవడం
- చెవిలో కాఫీపొడి లాంటి నల్ల మురికి, తల విదిలించడం
- గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలు (తామర అయితే పిల్లలకూ అంటుకుంటుంది)
- ఎక్కే చోటికి ఎక్కలేకపోవడం, నోటి దుర్వాసన

## 10. ఎక్కడికి, ఎలా తీసుకెళ్ళాలి

మన రెండు జిల్లాల్లో పశువైద్యమంతా ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసం ఏర్పడింది. మండలంలోని పశువుల ఆసుపత్రిలో టీకా, సెలైన్, ప్రథమ చికిత్స దొరకవచ్చు. గొట్టం వేయడం, స్కానింగ్, ఆపరేషన్ లాంటివాటికి నెల్లూరు, ఒంగోలు టౌన్లకు రావాల్సి ఉంటుంది. అక్కడా కుదరకపోతే పెద్ద దిక్కులు పశువైద్య కళాశాలల ఆసుపత్రులు: నెల్లూరు వైపువారికి సుమారు 135 కిలోమీటర్లలో తిరుపతి, 175 కిలోమీటర్లలో చెన్నై వేపేరి. ఒంగోలు వైపువారికి గన్నవరం. రాష్ట్ర సంచార పశువైద్య వాహనాల టోల్ ఫ్రీ నంబరు 1962, పల్లెల్లో ఉన్నవారు దగ్గర ఉంచుకోవాలి.

పిల్లి బాగున్న రోజే ఫోన్ చేసి ఈ నాలుగు ప్రశ్నలు అడిగి పెట్టుకోండి: పిల్లులను చూస్తారా? మూత్రం ఆగితే గొట్టం వేయగలరా? ఆదివారం, రాత్రి ఎవరు దొరుకుతారు? రక్తపరీక్ష అక్కడే చేస్తారా? అర్ధరాత్రి వెతుక్కోవడం కంటే ఈ పది నిమిషాలు ఎంతో మేలు.

బుట్ట విషయంలో ఎక్కువమంది పొరపడతారు. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని బండి మీద తేకండి. హారన్‌కు బెదిరి ట్రంకు రోడ్డు మీద దూకేసిన పిల్లులు మళ్ళీ దొరకవు. గోనెసంచిలో కట్టడం ఇంకా ప్రమాదం, ఊపిరాడదు. పైనుంచి తెరుచుకునే క్యారియర్ ఉంటే మంచిది. లేకపోతే గాలి ఆడే రెండు ప్లాస్టిక్ కూరగాయల బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి నాలుగు వైపులా తాడుతో గట్టిగా కట్టండి. లోపల అది రోజూ పడుకునే పాత చీర వేయండి, పైన పలచటి తువ్వాలు కప్పండి. ఆ బుట్ట ఏడాదంతా ఇంట్లో కళ్ళముందే ఉంచితే అదే వెళ్ళి అందులో పడుకుంటుంది, బయల్దేరే రోజు రక్తాలు కారేలా కుస్తీ పట్టనక్కర్లేదు.

తీసుకెళ్ళాల్సినవి:
- ఆ వింత పనిని తీసిన వీడియో (ఆసుపత్రిలో అది చేసి చూపించదు)
- మూత్రం, మలం, వాంతి ఫొటోలు, వీలైతే మలం ఒక డబ్బాలో
- టీకాల కార్డు, మీరు రాసుకున్న కాగితం
- తిన్నదనుకుంటున్న మందు అట్ట, మొక్క ఆకు

డాక్టరుకు గంటలతో చెప్పండి. "రెండు రోజులుగా డల్‌గా ఉంది" అంటే ఆయనకు ఏమీ తెలియదు. "చివరి మూత్రం నిన్న రాత్రి తొమ్మిదికి, తర్వాత పన్నెండుసార్లు కూర్చుంది, రెండు వాంతులు" అంటే సగం పరీక్ష అయినట్టే. మీరు ఇంట్లో ఏదైనా మందు వేసి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. తిట్టినా పరవాలేదు, విరుగుడు దానిమీదే ఆధారపడుతుంది.

## 11. ఇంటికి వచ్చాక

మాత్ర వేయడానికి పిల్లిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో, తల మీ చేతికి ఆనేలా కూర్చోబెట్టండి. తల కొంచెం పైకెత్తితే కింది దవడ వదులవుతుంది. మాత్రను నాలుక వెనక భాగాన వేసి, మూతి మూసి, గొంతు నిమరండి. తర్వాత సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్ళు నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టించండి. ఇది మానకండి. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు ఆహారనాళంలో ఆగిపోతే పుండు పడుతుంది. రెండు రోజుల్లో హుషారు వచ్చిందని యాంటీబయాటిక్ ఆపేయకండి, పక్కింటి పిల్లికి మిగిలిన మాత్రలు ఇవ్వకండి.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే మొదటి రోజు వేరు గదుల్లో ఉంచండి. ఆసుపత్రి వాసనకు అది తన తోటిదాన్నే గుర్తుపట్టక బుస కొడుతుంది.

మూత్రం గొట్టం తీసి పంపిన పిల్లికి మళ్ళీ అడ్డుపడేది ఎక్కువగా మొదటి కొద్ది రోజుల్లోనే. ఆ వారం ప్రతి ఆరు గంటలకు ట్రే చూడండి, రాత్రికి అలారం పెట్టుకోండి, ముద్ద పడ్డ గంట రాయండి. మందు మొదలుపెట్టి 48 గంటలైనా తిండి, ఊపిరి, మూత్రం ఈ మూడింట్లో ఏదీ మెరుగుపడకపోతే మళ్ళీ వెళ్ళండి, అదే కాగితం పట్టుకుని.